పిల్లవాడి కేసు హాజరు పట్టీలోనే మొదలవుతుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

జిల్లా పేజీల్లో ఒకే వార్త ఊరు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. బైకులు ఎత్తుకెళ్లిన ముగ్గురు మైనర్లు, హైవే మీద గంజాయి ప్యాకెట్లతో దొరికిన ఇంటర్ కుర్రాడు, జాతరలో చిన్న గొడవకే కత్తిపోటు. చివర్లో అధికారుల మాట కూడా మారదు: తల్లిదండ్రులు పిల్లల మీద నిఘా పెట్టాలి. మాటలో తప్పేమీ లేదు. కాకపోతే దేవరకొండ, చందంపేట తండాల్లో, నారాయణపేట, మద్దూరు పల్లెల్లో ఆ తల్లిదండ్రులు అప్పటికి పుణెలోనో ముంబైలోనో అడ్డకూలీకి పోయి ఉంటారు. మరి నిఘా ఎవరిది? బాలల పరిరక్షణ, బాల న్యాయం పనుల్లో ఉన్న మేము దీని మీద కొన్ని సంగతులు రాయదలచుకున్నాం.

ముందుగా ఒక అపోహ. నేరం చేసే పిల్లలంటే అనాథలు, వీధి బాలలు అని అందరికీ ఒక లెక్క ఉంది. జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్పేది వేరు. పట్టుబడుతున్న వాళ్లలో ఎక్కువ మంది 16 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లు, ఎక్కువ మంది తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నవాళ్లు. ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు, ఆధార్ కార్డుంది. లేనిది సాయంత్రం ఐదు తర్వాత వాడెక్కడున్నాడో అడిగే మనిషి.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఈ విషయంలో చాలా నష్టం చేసింది. ఒకసారి దొంగతనం చేసినవాడు ఇక దొంగే అన్న తీర్పు దాంట్లో దాగి ఉంది. 1945లో పుట్టి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులను నేరశాస్త్రవేత్త మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం పరిశీలించి 1972లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో మూడో వంతు మందికి పైగా 18 ఏళ్లలోపు ఒక్కసారైనా పోలీసుల కంట పడ్డారు. అలా పడినవాళ్లలో సగానికి దగ్గర మంది ఆ మొదటిసారితోనే ఆగిపోయారు. మొత్తం పిల్లల్లో 6 శాతం మంది చేసినవే సగానికి పైగా నేరాలు. అంటే మొదటిసారి దొరికిన పిల్లవాడిని ఏం చేస్తామన్నది చాలా పెద్ద ప్రశ్న. సగం మందిని ఏమీ చేయకుండా ఇంటికి పంపినా బాగుపడతారు. వాళ్లను కూడా ఆ 6 శాతం మందితో కలిపి ఒకే గదిలో పెట్టడమే అన్నిటికన్నా చెడ్డ పని.

పేదరికమే కారణమని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. పేదరికమే కారణమైతే పాలమూరు జిల్లాలో ప్రతి రెండో పిల్లవాడు పిల్లల కేసులు విచారించే బాల న్యాయ మండలి ముందు నిలబడాలి. అలా లేదు. ఒక్క కష్టం పిల్లవాడిని నేరంలోకి నెట్టదు. ఒకదాని మీద ఒకటి నాలుగైదు పడితే నెడుతుంది: బడి తప్పడం, ఇంట్లో తాగుడు, రాత్రిపూట చేతికి నగదు వచ్చే పని, అప్పటికే కేసున్న అన్నో బావో, పెద్దవాళ్ల గుంపుతో స్నేహం. ఇందులో ఒకటి రెండు తీసేయగలిగినా లెక్క మారుతుంది. అన్నీ తీసేయనక్కర్లేదు.

ముందుగా కనిపించేది బడి తప్పడమే, కనిపెట్టడానికి ఖర్చు కూడా లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల హాజరు పట్టీలు తిరగేస్తే చాలు. దసరా, దీపావళి దాటాక, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబం వలస వెళ్తుంది, ఎండాకాలానికి తిరిగొస్తుంది. పిల్లవాడు వెంట వెళ్తే నెలల తరబడి చదువు పోతుంది. ఊళ్లో వదిలి వెళ్తే నాయనమ్మ దగ్గర ఉంటాడు. ఆమె మాట పదేళ్ల పిల్లవాడు వింటాడు, పద్నాలుగేళ్లవాడు వినడు. గద్వాల వైపైతే వానాకాలంలో సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు పుప్పొడి అంటించే పనికి పోతాడు. తిరిగి బడికొచ్చేసరికి లెక్కల క్లాసులో ఏం చెప్తున్నారో తెలియదు. వెనక బెంచీ. తర్వాత వారంలో రెండు రోజులు గైరు. ఆ తర్వాత సంచి భుజానేసుకుని గేటు దాకా వచ్చి అటు నుంచి అటే చెరువు కట్ట మీదికి.

పట్టీలో పేరు మాత్రం అలాగే ఉంటుంది. పేరు తీస్తే బడి సంఖ్య పడిపోతుంది, సంఖ్య పడిపోతే టీచరు పోస్టు సర్దుబాటులో మరో ఊరికి పోతుంది. ఇది టీచర్ల తప్పు అనలేం, వ్యవస్థ వాళ్లకు నేర్పిన లెక్క. ఇప్పుడు ముఖం గుర్తించే యాప్‌లో హాజరు వేస్తున్నారు. ఎంతమంది రాలేదో పైఅధికారులకు అదే రోజు తెలిసిపోతుంది. రానివాడి గడప దాకా మాత్రం ఎవరూ పోరు.

ఇక్కడ చేయగలిగింది ఇది. వరుసగా మూడు రోజులు రాకపోతే క్లాసు టీచరు ఫోను చేయాలి. ఏడో రోజుకు ఇంటికి మనిషి పోవాలి. పదిహేనో రోజుకు ఆ పేరు గ్రామ బాలల పరిరక్షణ కమిటీ ముందుకు రావాలి, మండల విద్యాధికారికి రాతపూర్వకంగా పోవాలి. ఈ కమిటీకి సర్పంచే పెద్ద. చాలా ఊళ్లలో అది కాగితం మీదే ఉంది, సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాల వాళ్లున్నారు కాబట్టి ఇంటికి పోయే పని వాళ్లకు అప్పగిస్తే బాగుంటుందన్నది మా అభిప్రాయం. ఏ ఇంట్లో ఏముందో వాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

ఇంటికి పోయినప్పుడు ‘బడికెందుకు వస్తలేవు?’ అని అడిగితే లాభం లేదు. ‘కడుపునొప్పి’ అంటాడు, అక్కడితో అయిపోతుంది. నిన్న పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా ఎక్కడెక్కడ ఉన్నావు, అన్నం ఎవరితో తిన్నావు, చేతిలో ఫోనుకు రీచార్జి ఎవరు చేయించారు, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరావు: ఈ నాలుగు అడగాలి. మూడో ప్రశ్నకు నసిగితే అక్కడే ఆగాలి. రీచార్జి డబ్బు ఎక్కడిదో తేలితే మిగిలిన కథ సగం తేలినట్టే.

చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం ఉంది. మగపిల్లవాడికి అంత సులువైన దారి లేదు. గురుకులాల్లో ప్రధానంగా ఐదో తరగతిలోనే చేర్చుకుంటారు. అలాగని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. 14 ఏళ్లు నిండినవాడు సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ లాంటి ట్రేడ్లకు ఐటీఐలో ఎనిమిది పాసైతే చాలు. ఈ రెండు సంగతులూ తెలిసిన తల్లిదండ్రులు తండాల్లో అరుదు.

పనికి పోవడమే చెడ్డదని మేమనడం లేదు. చట్టం కూడా 14 నిండినవాడిని ప్రమాదం లేని పని చేయనిస్తుంది. చూడాల్సింది ఏ పని, ఎవరి కింద, ఏ వేళ అన్నది. ఒక మంచి మెకానిక్ కిందనో వడ్రంగి కిందనో పగలు పని నేర్చుకుంటున్న కుర్రాడికి అదే రక్షణ. అదే వయసువాడు రాత్రి క్యాటరింగ్, డీజే బండి, హైవే ధాబా, బోరు లారీ పనుల్లో పడితే పెద్దవాళ్ల మధ్య తాగుడు చూస్తాడు, తెల్లవారుజామున రెండింటికి నగదుతో తిరిగొస్తాడు, పగలంతా పడుకుంటాడు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, బెంగళూరు హైవే మీద జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ధాబాల్లో ఈ వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారో కార్మిక శాఖ ఒక్క రాత్రి లెక్క తీస్తే బాగుంటుంది. పనిలో పెట్టిన, తప్పిపోయిన పిల్లల్ని వెతికి కాపాడే ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జూలైలో చేస్తున్నారు, మంచిదే. మిగిలిన పది నెలల మాటేమిటి?

ఇక కల్లు. ఈ మాట రాస్తే గీత కార్మికులకు కోపం వస్తుంది. చెట్టు కల్లు గురించి కాదు మేం మాట్లాడేది. కల్లు అమ్మే కాంపౌండుల్లో ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ సరుకు గురించి. దానికి అలవాటు పడ్డ మనిషికి ఒక్కరోజు దొరకకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఫిట్స్ కూడా వస్తాయి. పాలమూరు ఆస్పత్రులకు ఇది కొత్త కాదు. ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ సాయంత్రానికి మత్తులో ఉంటే పిల్లవాడికి ఇల్లు ఉన్నట్టా, లేనట్టా? సీసా ఇచ్చి కల్లు తెమ్మని పంపేది కూడా వాడినే. అధికారులు దాడి చేసి కాంపౌండు మూయించి వెళ్తారు. ఆ మర్నాటి నుంచి ఊరంతా వణుకుతుంది, వారం తిరక్కుండా పక్క ఊరి కాంపౌండుకు ఆటోలు పోతాయి. దాడికి ముందే ఆస్పత్రిలో మంచాలు, మందులు సిద్ధం చేసి, మోతాదు మెల్లగా తగ్గించే వైద్యం పెట్టకపోతే జరిగేది ఇంతే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, మానసిక వైద్యం దూరపు మాట కాదు. తండ్రికి చేయించే మత్తు వైద్యం కొడుకు విషయంలో నేర నివారణ కిందికే వస్తుందని మా గట్టి నమ్మకం. పిల్లలకు మత్తు ఇచ్చినవాడికి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ఆ సెక్షన్ పెట్టిన కేసు వార్త ఎప్పుడైనా చదివారా?

గంజాయి సంగతీ అలాంటిదే. మోసే కుర్రాడు దొరుకుతాడు, మోయించినవాడు దొరకడు. మైనర్ అయితే కేసు చిన్నదవుతుందని లెక్కేసుకునే పెద్దవాళ్లు పిల్లల్ని ముందు పెడుతున్నారు. చట్టం దీన్ని ముందే ఊహించింది. పిల్లల చేత మత్తు పదార్థాలు మోయిస్తే బాల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు. పిల్లల్ని నేరానికి కుదుర్చుకుంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్లు, పైగా ఆ నేరం తానే చేసినట్టు శిక్ష. బైకు దొంగతనంలో కూడా అంతే. కుర్రాళ్లు సరదాకు ఎత్తుకెళ్లి పెట్రోలు అయిపోయిన చోట వదిలేసేవి కొన్ని. కాగితాలు లేని బండిని చవగ్గా కొనే పెద్దమనిషి ఉన్నందువల్ల పోయేవి మిగిలినవి. మీ విలేకరులు విలేకరుల సమావేశంలో ‘ఆ బండి కొన్నదెవరు?’ అని అడిగితే చాలు, చాలా మారుతుంది. ఈ మధ్య కమీషన్ ఆశ చూపి కాలేజీ పిల్లల బ్యాంకు ఖాతాలు, సిమ్‌లు సైబర్ మోసాలకు వాడుకుంటున్నారు, దానిదీ ఇదే వరస.

ప్రేమించి ఊరు దాటిన 17 ఏళ్ల అబ్బాయి మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పడితే అది చాలాసార్లు చట్టం లెక్కలో ‘హేయమైన నేరం’, అంటే కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం అవుతుంది. గొడవలు, దొంగతనాల లెక్కలో దాన్ని కలిపి ‘మైనర్లు చెడిపోతున్నారు’ అని రాయడం సరికాదు. అది వేరే చర్చ.

పిల్లవాడు పట్టుబడ్డాక ఏం జరగాలో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలా మంది చేజారిపోతున్నారు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం వాడిని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. 24 గంటల్లోగా బాల న్యాయ మండలి ముందుంచాలి. ప్రతి స్టేషన్లో ఏఎస్సైకి తగ్గని హోదాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి, మామూలు దుస్తుల్లో మాట్లాడాలి. హేయమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు, జనరల్ డైరీలో రాసి సామాజిక నేపథ్య నివేదికతో మండలికి పంపాలి. ఇది తెలియక ‘పోలీసులు కేసు లేకుండా వదిలేశారు’ అని కొన్ని వార్తలు వస్తున్నాయి.

బెయిలు దగ్గర ఇంకో చిక్కు. 12వ సెక్షన్ ప్రకారం పిల్లవాడికి బెయిలు ఇవ్వడమే నియమం, జామీను ఉన్నా లేకున్నా సరే. నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో కారణాలు ఉంటే తప్ప ఆపకూడదు. జరుగుతున్నది వేరు. తండ్రి ముంబైలో, తల్లి కూడా అక్కడే. సంతకం పెట్టే మనిషి రాలేదు, జామీను కాగితాలు లేవు, పిల్లవాడు విచారణ సమయంలో ఉంచే పరిశీలక గృహంలోనే ఉండిపోతాడు. బెయిలు షరతులు ఏడు రోజుల్లో నెరవేర్చలేకపోతే షరతులు మార్చడానికి మళ్లీ మండలి ముందుంచాలని అదే సెక్షన్ చెబుతోంది. ఈ ఏడు రోజుల ముక్క కుటుంబానికి ఎవరూ చెప్పరు. అమ్మమ్మ వచ్చినా, మేనమామ వచ్చినా మండలిని అడగవచ్చు. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో ఇవ్వాల్సిన సామాజిక విచారణ నివేదిక. పిల్లవాడిని మందలించి పంపాలా, కౌన్సెలింగ్‌కు పంపాలా, సమాజ సేవ చేయించాలా, ప్రొబేషన్ మీద, అంటే అధికారి పర్యవేక్షణలో ఇంట్లో ఉంచాలా, తప్పు రుజువైన పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహానికి పంపాలా అన్నది మండలి చాలావరకు దీన్ని చూసే నిర్ణయిస్తుంది. ఇంత బరువైన కాగితాన్ని ఫోన్లో నాలుగు మాటలడిగి నింపుతున్న సందర్భాలున్నాయి. ‘ఆర్థిక స్థితి బాగాలేదు, చెడు స్నేహాలు’. ఏ పిల్లవాడి నివేదిక తీసినా ఇవే రెండు ముక్కలు. ఒక్కో అధికారి నెత్తిన ఎన్ని పనులున్నాయో మాకు తెలుసు. అయినా ఇల్లు చూడకుండా రాసిన నివేదిక కంటే ఖాళీ కాగితమే నయం. ఖాళీ కాగితాన్ని చూసి మండలి కనీసం ప్రశ్న అడుగుతుంది.

నివేదికలో ఉండాల్సినవి ఇవి. బడి ఏ తరగతిలో, ఏ నెలలో ఆగింది, ఆ నెలలో ఇంట్లో ఏమైంది. మొదటి తప్పు ఏ వయసులో జరిగింది: పదేళ్లకే మొదలైన దొంగతనానికీ, పదహారో ఏట గుంపుతో పోయి చేసినదానికీ పోలిక లేదు, మొదటిదానికి ఎక్కువ సాయం కావాలి. సాయంత్రం ఐదు నుంచి పది దాకా ఇంట్లో పెద్దవాళ్లెవరు. అన్నదమ్ముల మీద కేసులున్నాయా. ఎవరికైనా బాకీ ఉన్నాడా. మత్తు ఉందా, ఉంటే ఏది: కల్లా, గంజాయా, పంక్చర్ సొల్యూషనా. ఇవన్నీ ప్రమాదం వైపు. రెండో వైపు కూడా ఉండాలి, దాన్నే మర్చిపోతున్నారు: వాడు ఎవరి మాట వింటాడు, ఏ పని చేతికి బాగా వస్తుంది, ఏ ఆట ఆడతాడు, ఏ బంధువు ఇంట్లో ఉంటే కుదురుగా ఉంటాడు. మేనత్త ఊళ్లో ఆరు నెలలు ఏ గొడవా లేకుండా ఉన్నాడన్న ఒక్క వాక్యం చాలాసార్లు మొత్తం ఉత్తర్వునే మార్చగలదు.

రెండో వైపు ఎందుకంటే, హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను పరిశోధకులు ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, కుటుంబ కలహాలు కలిసి మీద పడ్డ పిల్లల్లో కూడా మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లందరికీ చిన్నప్పటి నుంచి వదలకుండా పట్టుకున్న పెద్ద మనిషి ఒకరైనా ఉన్నారు: తాతో, టీచరో, పొరుగావిడో. ఇది ఉపన్యాసమిచ్చే మనిషి పని కాదు. వారానికొకసారైనా కనిపించి, రెండేళ్లపాటు మానకుండా కనిపించే మనిషి పని. మొదలుపెట్టి రెండు నెలలకు మాయమయ్యేటట్టయితే మొదలుపెట్టకపోవడమే మంచిది. అప్పటికే అందరూ వదిలేసిన పిల్లవాడిని మరొకరు వదిలేసినట్టవుతుంది.

భయపెట్టి బాగుచేయాలన్న ఆలోచన ఇక్కడ బాగా చెల్లుతుంది: స్టేషన్ ముందు వరుసగా నిలబెట్టడం, గుండు గీయించడం, జైలు చూపించి రావడం. న్యూజెర్సీలోని రాహ్‌వే జైల్లో 1970లలో ఇలాంటి కార్యక్రమమే పెట్టారు, పిల్లల్ని తెచ్చి ఖైదీల చేత బెదిరించేవారు. తర్వాత ఇలాంటి వాటిని జాగ్రత్తగా పరీక్షిస్తే, జైలు చూసొచ్చిన పిల్లలే చూడనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. గుంజీలు తీయించిన వీడియో వాట్సాప్‌లో తిరిగాక ఆ పిల్లవాడికి ఊళ్లో పోగొట్టుకునేదేమీ మిగలదు, గుంపులో మాత్రం పేరొస్తుంది.

సాయంత్రాల గురించి ఒక మాట. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. కొన్ని బాగున్నాయి, కొన్నిచోట్ల బోర్డు, రెండు స్తంభాలు, నడుమెత్తు పిచ్చిమొక్కలు. ఒక లైటు, ఒక వాలీబాల్ నెట్టు, సాయంత్రం రెండు గంటలు ఉండే మనిషికి నెలకింత అని పంచాయతీ ఇవ్వగలిగితే చాలు. మనిషి లేని మైదానం మాత్రం వద్దు, అది మందు బాటిళ్ల అడ్డా అవుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం పిల్లవాడి పేరు, బొమ్మ, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ రాయకూడదు, రాస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పేరు రాయకుండా ‘ఫలానా తండాకు చెందిన ఫలానావారి చిన్న కొడుకు’ అని రాస్తే అరవై ఇళ్ల తండాలో వాడెవడో అందరికీ తెలిసిపోతుంది. ముఖానికి గుడ్డ కట్టినంత మాత్రాన చొక్కా, చెప్పులు మారవు. ముఖ్యంగా తండాల, సంచార కులాల పిల్లల విషయంలో జాగ్రత్త. కొన్ని కులాలనే నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి చట్టం 1952లో రద్దయింది గానీ, ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి పిల్లల్ని పిలుస్తారో మీ విలేకరులకే తెలుసు.

చివరగా జిల్లా విద్యాశాఖలకు. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. వాటి అనుమతులు, బియ్యం, సంరక్షకుడి నియామకం అన్నీ మేస్త్రీలు అడ్వాన్సులు పంచే ముందే, అంటే సెప్టెంబరు లోపే పూర్తికావాలి. పేర్ల జాబితా కోసం బడి పట్టీ మీద ఆధారపడకుండా మేస్త్రీల జాబితా అడగండి, ఎవరు ఎప్పుడు పోతున్నారో వాళ్ల దగ్గర పక్కాగా ఉంటుంది. డిసెంబరులో తెరిచిన హాస్టల్‌లో ఊళ్లో ఎటూ మిగిలిపోయే పిల్లలే చేరతారు. అవసరమున్నవాళ్లు అప్పటికే బస్సెక్కి ఉంటారు.

పిల్లల ఆపదకు 1098, మత్తు వదిలించుకునే సలహాకు 14446, మానసిక ఇబ్బందులకు 14416. మూడూ ఉచితమే. వీలైతే ఈ అంకెలను జిల్లా పేజీలో ఓ మూల రోజూ వేయగలరు.

ఇట్లు,
బాల న్యాయం, బాలల పరిరక్షణ పనుల్లో ఉన్న కొందరం,
నల్లగొండ, మహబూబ్‌నగర్